సున్నపురాతి నేల ఎందుకు కుంగుతుంది, కొండ ఎందుకు రాలుతుంది

కొన్నేళ్లు వరుసగా కరవు పడి, ఆ తర్వాత ఒక్కసారిగా ముసురు పట్టినప్పుడు సున్నపురాయి ఉన్న ఊళ్లలో చేల మధ్య, ఇళ్ల పక్కన బావుల్లాంటి గుంతలు పడుతుంటాయి. 2015 నవంబరు, డిసెంబరు నెలల్లో కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలం నాయనోరిపల్లె పరిసరాల్లో జరిగింది ఇదే. భారీ వర్షాల వెనకే నేల ఒకచోట తర్వాత ఒకచోట కుంగడంతో జనం హడలిపోయారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ) శాస్త్రవేత్తలు వెళ్లి పరిశీలించారు. లోపల సున్నపురాయి ఉండటం, కరవు కాలంలో భూగర్భ జలాలు బాగా అడుగంటడం, ఆ పైన ఒక్కసారిగా నీరు ఇంకడం కలిసి ఈ పరిస్థితి తెచ్చాయన్న వివరణ అప్పట్లో వచ్చింది.

ఆ వివరణలో మొదటి మాటే జనానికి గుర్తుండిపోయింది: లోపల రాయి కరిగిపోయింది, అందుకే నేల దిగబడింది. ఇది సగం జవాబు. రాయి కరగడానికి వేల ఏళ్లు పడుతుంది, గుంత ఒక్క రాత్రిలో పడుతుంది. ఆ రాత్రే ఎందుకు పడిందన్నది తేలాలంటే రాయిని వదిలి నీటిమట్టం వైపు చూడాలి.

క్లుప్తంగా

సున్నపురాతి ప్రాంతాల్లో హఠాత్తుగా కూలేది ఎక్కువగా రాతి కప్పు కాదు, రాతి మీదున్న మట్టి. రాతి చీలికల్లోకి మట్టి జారడాన్ని వేగవంతం చేసేవి బోర్ల తోడకం, దాని తర్వాత వచ్చే భారీ వాన, కారే పైపులు, ఒకేచోట ఇంకే నీరు. సున్నపురాతి కొండల్లో బండలు ఊడిపడటానికీ చీలికలే దారి, అయితే అక్కడ అడుగు భాగం తొలుచుకుపోవడం ప్రధానం. రెండింటికీ ముందస్తు గుర్తులు ఉంటాయి. గుంతను మట్టితోనో చెత్తతోనో పూడ్చితే మళ్లీ తెరుచుకుంటుంది.

కరగడానికి ఎంత కాలం

వాననీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కొద్దిపాటి ఆమ్లంగా మారుతుంది. దాని పీహెచ్ దాదాపు 5.6. మట్టిలోకి దిగాక అసలు పని మొదలవుతుంది. వేళ్లు ఊపిరి తీయడం వల్ల, ఆకులలములు కుళ్లడం వల్ల మట్టి సందుల్లోని గాలిలో ఈ వాయువు బయటి గాలిలో కంటే పదుల రెట్లు ఎక్కువగా ఉంటుంది. దాన్ని నింపుకొన్న నీరు సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్‌ను బైకార్బొనేట్‌గా మార్చి తనతో తీసుకుపోతుంది.

ఎంత? శుద్ధమైన నీటిలో లీటరుకు 14 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ కరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ తోడైతే అది కొన్ని వందల మిల్లీగ్రాములకు చేరుతుంది. జిప్సం అయితే లీటరుకు 2.4 గ్రాములు, ఉప్పు దాదాపు 360 గ్రాములు. మృతసముద్రం ఒడ్డున ఉప్పు పొరలు కొద్ది సంవత్సరాల్లోనే కరిగి గుంతలు పడటానికీ, సున్నపురాయి నేల వెయ్యేళ్లకు కొన్ని పదుల మిల్లీమీటర్లే అరగడానికీ తేడా ఇక్కడుంది. ఒక మనిషి జీవితకాలంలో సున్నపురాయిలో కొత్త గుహ ఏర్పడదు. ఉన్న ఖాళీలు ఎప్పుడో ఏర్పడినవే.

అరుగుదల అంతటా సమానంగా ఉండదు. గట్టి సున్నపురాయి గుండా నీరు దిగదు, కీళ్ల (రాతిలో సహజంగా ఉండే పగుళ్ల) వెంట, పొరల మధ్య సందుల వెంట దిగుతుంది. ఆ దారులే వెడల్పవుతాయి. మట్టిని పూర్తిగా ఎత్తి చూడగలిగితే కింద రాతి తలం బల్లపరుపుగా కనిపించదు. పక్కపక్కనే పొడుచుకొచ్చిన రాతి కొమ్ములు, వాటి మధ్య లోతైన గాళ్లు ఉంటాయి. ఒకచోట 2 మీటర్లకే తగిలిన రాయి, పది అడుగుల అవతల 12 మీటర్లకు గానీ తగలకపోవచ్చు. ఇల్లు కట్టేటప్పుడు ఒక్క మూలన తవ్వి చూసి పునాది లోతు నిర్ణయించడం ఈ నేలల్లో తప్పు కావడానికి కారణం ఇదే.

తెలుగు నేల మీద ఈ రాళ్లు చాలానే ఉన్నాయి. కడప శిలా హరివాణంలోని (బేసిన్) కర్నూలు శిలాసమూహంలో నార్జి, కోయిలకుంట్ల సున్నపురాళ్లు, అంతకంటే పాత వేంపల్లె డోలమైట్, పల్నాడులో పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు సున్నపురాయి, తెలంగాణలో తాండూరు నాపరాయి. డోలమైట్ అంటే మెగ్నీషియం కూడా ఉన్న సున్నపురాయి లాంటి రాయి, అది సున్నపురాయి కంటే నెమ్మదిగా కరుగుతుంది. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు నార్జి సున్నపురాయిలోనివి. వాటి పొడవు 3,229 మీటర్లు. పైన చదునైన చేలు, కింద గుహ. లోపలికి దిగే దారి కూడా బావిలా నిలువుగా పడిన గుంతే. అంటే పర్యాటకులు దిగే ఆ మెట్ల దారి ఒకప్పటి కుంగుబాటు.

కూలేది మట్టి

గుహ కప్పు రాయి విరిగి పడటం వల్ల గుంత ఏర్పడటం అరుదు. ఎక్కువ సందర్భాల్లో జరిగేది వేరు. రాతి తలంలో ఒక చీలిక తెరుచుకొని ఉంటుంది. దాని మీద 5 నుంచి 20 మీటర్ల మట్టి ఉంటుంది. దిగే నీటితో పాటు మట్టి రేణువులు ఆ చీలికలోకి కొంచెం కొంచెంగా జారుతాయి. ధాన్యం గాదెకు అడుగున కంత పెడితే పైన మట్టంగా ఉన్నట్టే కనిపిస్తూ లోపల ఖాళీ అవుతుందే, అలాగన్నమాట.

మట్టి స్వభావాన్ని బట్టి ఇక్కడ రెండు దారులు చీలుతాయి. ఇసుక నేల అయితే ఖాళీ నిలవదు. జారిన మేరకు పైనున్నది వెంటనే దిగుతుంది, నెలల తరబడి మెల్లగా పళ్లెంలాంటి పల్లం ఏర్పడుతుంది. ఇళ్లకు పగుళ్లు వస్తాయి తప్ప మనుషులు పడిపోరు. బంకమట్టి అయితే అతుకుబలం వల్ల ఖాళీ మీద కమానులా నిలబడుతుంది. కింద నుంచి పెళ్లలు రాలుతూ ఆ ఖాళీ పైకి పాకుతుంది. పైన పంట పండుతూనే ఉంటుంది, ట్రాక్టరు తిరుగుతూనే ఉంటుంది. కమాను మందం తన బరువును తానే మోయలేనంత పలచబడిన రోజు ఒక్కసారిగా కూలుతుంది. నల్లరేగడి, ఎర్ర బంకమట్టి ఉన్నచోట గుంతలు నిలువు గోడలతో, గుండ్రంగా, హఠాత్తుగా పడటానికి ఇదే కారణం.

నోటి దగ్గర వెడల్పు తక్కువగా ఉండి లోపల కుండలా విశాలంగా ఉండటం కొత్త గుంతల లక్షణం. అంచున నిలబడిన మనిషి కాళ్ల కింద పలచటి మట్టి పెళ్ల మాత్రమే ఉండవచ్చు. కొత్త గుంత గోడలు కాలక్రమంలో 45 డిగ్రీల వాలుకు దిగుతాయి కాబట్టి, గుంత ఎంత లోతుందో కనీసం అంత దూరం అన్ని వైపులా వదిలి కంచె వేయాలి. 8 మీటర్ల లోతైతే అంచు నుంచి 8 మీటర్లు. ఫొటోల కోసం చుట్టూ మూగిన జనాన్ని అదుపు చేయడమే మొదటి రోజు అధికారుల ముఖ్యమైన పని.

నీటిమట్టం దిగినప్పుడు

మట్టి కింది ఖాళీ నీటితో నిండి ఉంటే ఆ నీరు కమానును కింద నుంచి నెడుతూ నిలబెడుతుంది. ప్రతి మీటరు నీటి ఎత్తుకు చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను ఊతం. బోర్లు తోడి నీటిమట్టం 10 మీటర్లు దిగితే చదరపు మీటరుకు 10 టన్నుల ఊతం పోతుంది. పైన కొత్తగా ఏ బరువూ పెట్టకుండానే లోపలి కమాను మీద మోత పెరిగిపోతుంది. దానికి తోడు, దిగే నీరు మట్టిని చీలికల్లోకి లాగుతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది నీటిమట్టం మట్టికీ రాతికీ మధ్య సరిహద్దు దగ్గర పైకీ కిందికీ ఊగడం. మట్టం ఎప్పుడూ ఆ సరిహద్దుకు పైనే ఉంటే ఊతం ఉంటుంది. చాలాకాలంగా బాగా కిందే ఉంటే కూలవలసినవి చాలావరకు కూలిపోయి ఉంటాయి. ఏటా ఎండాకాలం దిగి, వానాకాలం ఎక్కే చోట ప్రతిసారీ కొంత మట్టి తడిసి, మెత్తబడి, రాలుతుంది.

దీనికి అందరూ ఉదహరించే రుజువు అమెరికాలోని ఫ్లోరిడాలో ఉంది. 2010 జనవరిలో ప్లాంట్ సిటీ ప్రాంతంలో 11 రోజుల పాటు గడ్డకట్టే చలి వచ్చింది. స్ట్రాబెరీ రైతులు పంట మీద మంచు పట్టకుండా రాత్రంతా బోరు నీళ్లు చల్లారు. భూగర్భ నీటిమట్టం దాదాపు 60 అడుగులు పడిపోయింది. 140కి పైగా గుంతలు పడినట్లు నమోదైంది. రాయి అదే, మట్టి అదే, మారింది 11 రోజుల తోడకం.

దక్షిణాఫ్రికాలో ఇంతకంటే విషాదకరమైనది జరిగింది. జొహానెస్‌బర్గ్‌కు పశ్చిమాన బంగారు గనుల పైన మందమైన డోలమైట్ ఉంది. గనుల్లోకి నీరు రాకుండా ఆ డోలమైట్‌లోని నీటిని ఏళ్ల తరబడి తోడేశారు. 1962 డిసెంబరులో వెస్ట్ డ్రీఫాంటైన్ గని దగ్గర రాళ్లు పిండి చేసే కర్మాగారం మొత్తం నేలలోకి దిగిపోయి 29 మంది చనిపోయారు. అక్కడ డోలమైట్ నేలల మీద కట్టడాలకు ప్రత్యేక నిబంధనలు రావడానికి ఆ అనుభవాలే మూలం.

మరి వాన వచ్చాకే ఎందుకు

నీరు తగ్గడం ప్రమాదమైతే, నీరు వచ్చాక గుంతలు ఎందుకు పడతాయన్నది సహజంగా వచ్చే ప్రశ్న. కరవు కాలంలో ఊతం పోయి కమాను బలహీనపడి ఉంటుంది, కానీ ఎండిన బంకమట్టి గట్టిగా ఉంటుంది కాబట్టి నిలబడుతుంది. వాన పడగానే మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. పై మట్టి నీరు పీల్చి బరువెక్కుతుంది. తడిసిన బంకమట్టి అతుకుబలం కోల్పోతుంది. నెర్రెల గుండా వేగంగా దిగే నీరు వదులైన మట్టిని చీలికలోకి ఈడ్చుకుపోతుంది. నీటిమట్టం పెరిగి మళ్లీ ఊతమిచ్చేది ఆ తర్వాత ఎప్పటికో. ఈ మధ్య కాలమే అత్యంత ప్రమాదకరం. కడపలో 2015 నాటి క్రమం దీనికి సరిపోతుంది.

ప్రతి గుంతా సున్నపురాతి గుంత కాదు

2007లోనూ 2010లోనూ గ్వాటెమాలా నగరంలో పడిన లోతైన గుంతల ఫొటోలను సున్నపురాయి వ్యాసాల పక్కన ఇప్పటికీ వేస్తుంటారు. ఆ నగరం కింద ఉన్నది అగ్నిపర్వత బూడిద. దాన్ని తొలిచింది మురుగు, వాన నీటి పైపుల లీకేజీ. మన నగరాల్లో రోడ్లు కుంగేవి కూడా చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్, అది కరగదు. అక్కడ రోడ్డు కుంగితే వెతకవలసింది పాత డ్రైనేజీ పైపును, సరిగా దట్టించని ట్రెంచిని.

ఈ రెండూ కలిసే చోట్లు కూడా ఉంటాయి. కౌలాలంపూర్ నగర కేంద్రం కింద సున్నపురాయి ఉంది. 2024 ఆగస్టు 23న జలాన్ మస్జిద్ ఇండియా వీధిలో కాలిబాట కుంగి దాదాపు 8 మీటర్ల గుంత పడింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పర్యాటకురాలు అందులో పడిపోయారు. భూగర్భ మురుగు కాలువలో కొట్టుకుపోయి ఉంటారన్న అంచనాతో ఆ కాలువ వెంట తొమ్మిది రోజులు గాలించి ఆపేశారు. ఇలాంటి నగరంలో రాయి ఒక్కటే కారణమనీ, పైపు ఒక్కటే కారణమనీ తొందరపడి చెప్పలేం. మట్టి పోవడానికి ఒక దారి కావాలి, దాన్ని తోసే నీరు కావాలి. చీలికైనా దారే, పగిలిన పైపైనా దారే.

కొండ వైపు చూస్తే

సున్నపురాతి కొండలు నిటారుగా నిలబడతాయి. రాయి గట్టిది, వాననీరు పైన పారకుండా లోపలికి దిగిపోతుంది కాబట్టి వాలు కోసుకుపోదు. అందువల్లే ప్రమాదం కూడా. నిలువు కీళ్లు కరిగి వెడల్పై కొండ ముఖాన్ని స్తంభాలుగా విడదీస్తాయి. రావి, జువ్వి వేళ్లు ఆ సందుల్లో దిగి పెకలిస్తాయి. కొండ పాదంలో చిత్తడి నీరు గానీ, వాగు గానీ తగులుతూ ఉంటే అక్కడ రాయి అడ్డంగా కరిగి గాడి పడుతుంది. పాదం లోపలికి పోయి, పై భాగం గాలిలో వేలాడుతుంది.

మలేసియాలోని కింతా లోయలో ఇపో పట్టణం చుట్టూ ఇలాంటి కొండలు ఉన్నాయి. 1973 అక్టోబరులో గునుంగ్ చెరో కొండ ముఖం నుంచి పెద్ద బండ విడిపోయి కింద ఉన్న ఇళ్ల వరుస మీద పడింది. దాదాపు 40 మంది చనిపోయారు. అదే లోయలో తగరపు గనుల తోడకంతో నేల కుంగుబాట్లూ జరిగాయి. ఒకే రాయి కొండ వైపు ఒక ముప్పు, చదును వైపు మరో ముప్పు చూపిన చోటది.

ఇంకా పెద్ద స్థాయిలో చూడాలంటే కెనడా. 1903 ఏప్రిల్ 29 తెల్లవారుజామున టర్టిల్ పర్వతం నుంచి దాదాపు 3 కోట్ల ఘనపు మీటర్ల సున్నపురాయి జారి, సుమారు 90 సెకన్లలో ఫ్రాంక్ పట్టణంలో కొంత భాగాన్ని కప్పేసింది. 70 మందికి పైగా చనిపోయారు. ఆ పర్వతం అడుగున బొగ్గు గని ఉంది. మడత పడిన పొరలు, పగుళ్లలో నీరు, కింద తవ్వకం, అన్నీ కలిశాయి.

మన దగ్గర కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాల్లో నార్జి పొరలు చాలాచోట్ల బల్లపరుపుగా ఉంటాయి, కాబట్టి ఇపో తరహా నిలువు కొండలు తక్కువ. ముప్పు ఎక్కువగా మనిషి తవ్విన ముఖాల్లోనే. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి, తాండూరు వైపు నాపరాతి గనుల్లో పొరలు పలకలుగా లేస్తాయి. మంచి పలక కోసం కింద లాగేస్తే పైది వేలాడుతుంది. ముఖం మీద అలా పైభాగం వేలాడేట్టు కింద తొలచడాన్ని 1961 నాటి మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ నిషేధించాయి. గట్టి రాతిని మెట్లు మెట్లుగా తవ్వాలని, ఒక్కో మెట్టు ఎత్తు 6 మీటర్లు మించరాదని కూడా అందులోనే ఉంది. చిన్న గనుల్లో ఈ రెండూ తరచూ గాలికి పోతాయి, ఎందుకంటే మెట్టు వదలడమంటే అమ్ముకోగల రాయిని వదిలేయడం.

తిరుమల ఘాట్ రోడ్డులో 2021 డిసెంబరు 1న పడిన బండలు, కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీద వానాకాలంలో పడే రాళ్లు సున్నపురాయివి కావు. తిరుమలలో క్వార్ట్‌జైట్, రైలు మార్గంలో ఎక్కువగా ఖొండలైట్. కీళ్లలో నీరు, వేళ్లు చేసే పని ఒకటే అయినా అక్కడ రాయి కరగడం అనే అంశం లేదు.

పడే రాయి బలాన్ని లెక్కగట్టవచ్చు. ఒక ఘనపు మీటరు సున్నపురాయి 2.6 టన్నులు. 50 మీటర్ల ఎత్తు నుంచి అడ్డు లేకుండా పడితే నేలను తాకే వేగం గంటకు 113 కిలోమీటర్లు, శక్తి దాదాపు 1,270 కిలోజౌళ్లు. చుట్టూ వేసే మామూలు చెయిన్‌లింక్ కంచె దీని ముందు నిలవదు. ఉక్కు వలయాలతో, లాగినప్పుడు సాగి శక్తిని పీల్చే బ్రేకులతో చేసే ప్రత్యేక వలలు 100 నుంచి కొన్ని వేల కిలోజౌళ్ల దాకా వేర్వేరు సామర్థ్యాల్లో దొరుకుతాయి. ఏది కావాలన్నది పై లెక్కే తేలుస్తుంది. కొండ పాదంలోని రాళ్ల కుప్ప పై కొస నుంచి 27–28 డిగ్రీల కోణంలో కిందికి గీత గీస్తే, విడి బండలు దొర్లే గరిష్ఠ దూరం సాధారణంగా ఆ గీత నేలను తాకే చోటికి లోపే ఉంటుంది. కుప్ప కొస 30 మీటర్ల ఎత్తులో ఉంటే అది దాదాపు 57 మీటర్లు. ఆ లోపు బడి, అంగడి, పార్కింగ్ పెట్టకపోవడం ఏ వల కంటే చౌక.

ముందుగా కనిపించేవి

నేల విషయంలో: విల్లులా వంగిన లేదా గుండ్రటి నెర్రెలు (ఎండకు వచ్చే నెర్రెలు గజిబిజిగా, పలకలుగా ఉంటాయి), కరెంటు స్తంభం లేదా చెట్టు కొత్తగా ఒరగడం, తలుపులు కిటికీలు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, మడికి పెట్టిన నీరు ఒకచోట గుటుక్కున మాయమవడం, కుంట రాత్రికి రాత్రి ఖాళీ అవడం, చాన్నాళ్లు తేటగా వచ్చిన బోరు నీరు ఎర్రగా బురదగా రావడం. చివరిది ఎక్కువ మంది పట్టించుకోరు. ఆ బురద ఎక్కడినుంచో వస్తోంది, వచ్చిన చోట అంత ఖాళీ మిగులుతోంది. బురద వచ్చిన బోరును ఆపి, చుట్టుపక్కల నేలను చూడాలి.

కొండ విషయంలో: పగులు లోపల రాతి రంగు తాజాగా, తెల్లగా కనిపించడం, పాదంలో కొత్త రాళ్లు, పగులు పైన చెట్లు వంగడం. పగులు కదులుతోందా లేదా చూడటానికి అడ్డంగా చిన్న గాజు పట్టీని సిమెంటుతో అతికించి తేదీ రాస్తారు. గాజు పగిలితే కదిలినట్టే. ఎంత కదిలిందో తెలియాలంటే పగులుకు రెండు వైపులా మేకులు కొట్టి వారానికోసారి మధ్య దూరం కొలవాలి.

లోపలికి చూడటం

పరికరాలున్నాయి గానీ ఏ ఒక్కటీ సరిపోదు. విద్యుత్ నిరోధక సర్వేలో తడి బంకమట్టి నిండిన ఖాళీ స్పష్టంగా కనిపిస్తుంది. గాలి నిండిన ఖాళీ, గట్టి రాయి రెండూ ఎక్కువ నిరోధం చూపడంతో తికమక పెడతాయి. నేలలోకి చొచ్చే రాడార్ ఇసుకలో బాగా పనిచేస్తుంది, నల్లరేగడిలో ఒకటి రెండు మీటర్లకే ఆగిపోతుంది. కుందూ లోయ పొలాల్లో దాన్ని నమ్ముకుంటే డబ్బు దండగ. గురుత్వాకర్షణ కొలత సూక్ష్మమైనది: 10 మీటర్ల లోతున 5 మీటర్ల వ్యాసంతో గాలి నిండిన ఖాళీ ఉంటే పైన గురుత్వం తగ్గేది దాదాపు 11 మైక్రోగాల్, అంటే ఎనిమిది తొమ్మిది కోట్లలో ఒక వంతు. మంచి పరికరం, నేర్పున్న మనిషి ఉంటేనే అది దొరుకుతుంది. చివరికి డ్రిల్లింగ్ చేసి చూడక తప్పదు. 5 మీటర్లకొకటి చొప్పున వేసిన రంధ్రాల మధ్య మీటరు వెడల్పు చీలిక దాక్కుపోగలదు, కాబట్టి సర్వే అనుమానం చూపిన చోట దగ్గర దగ్గరగా వేస్తారు.

పల్లెల్లో దీనికంటే చౌకైన సమాచారం వృథాగా పోతోంది. బోరు వేసేటప్పుడు ఎన్ని అడుగులకు రాయి తగిలింది, ఎక్కడ రాడ్ ఒక్కసారిగా జారింది, ఎక్కడ గాలి తిరిగి పైకి రావడం ఆగింది అన్నవి బోరుబండి వాళ్లకు తెలుసు. ఒక ఊళ్లో వేసిన బోర్లన్నిటి నుంచి ఈ వివరాలు రాసి ఉంచితే అదే ఆ ఊరి ప్రమాద పటానికి మొదటి ముసాయిదా.

పూడ్చే పద్ధతి

6 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల లోతు ఉన్న గుంతకు దాదాపు 225 ఘనపు మీటర్లు పడుతుంది. 6 ఘనపు మీటర్ల టిప్పర్లతో 38 ట్రిప్పులు. అంత మట్టి తెచ్చి పోస్తే మరుసటి వానకు మళ్లీ దిగిపోతుంది, ఎందుకంటే అడుగున నోరు తెరిచే ఉంది. చెత్త పోస్తే అదనపు నష్టం: చీలికల గుండా నీరు వడకట్టకుండానే నేరుగా తాగునీటి బోర్లలోకి చేరుతుంది.

సరైన పద్ధతి తలకిందుల వడపోత. ముందుగా పై నీరు గుంతలోకి రాకుండా చుట్టూ కట్ట వేసి మళ్లిస్తారు. ఎక్స్‌కవేటర్‌తో దూరం నుంచి వదులు మట్టిని తీసి, రాతిలోని నోటిని బయటపెడతారు. మనుషులు లోపలికి దిగకూడదు. నోరు మీటరు వెడల్పుంటే, దానికి కనీసం సగం పరిమాణం, అంటే అర మీటరు పైబడిన బండలు వేసి అవి ఒకదానికొకటి బిగుసుకునేలా చేస్తారు. వాటి మీద 10–15 సెంటీమీటర్ల రాళ్లు, ఆపైన 40 మిల్లీమీటర్ల కంకర, 20 మిల్లీమీటర్ల కంకర, చిన్న చిప్స్, ముతక ఇసుక, జియోటెక్స్‌టైల్ గుడ్డ, చివర 60 సెంటీమీటర్ల బంకమట్టి దట్టిస్తారు. చుట్టూ నేల కంటే కొద్దిగా ఎత్తుగా వదులుతారు. ఏ పొర రేణువులూ కింది పొర సందుల్లోంచి జారకూడదన్నది ఇందులో సూత్రం. కింది పొరలోని సన్నపాటి రాయి, పై పొరలోని పెద్ద రేణువుకు 4–5 రెట్లు మించకుండా చూస్తారు. మధ్యలో ఒక పరిమాణం దొరకలేదని వదిలేస్తే పై పొర మెల్లగా కింది పొరలోకి జారి, రెండు మూడేళ్లకు మళ్లీ పల్లం కనిపిస్తుంది.

కాంక్రీటు బిరడా వేయమని అడిగేవారు ఎక్కువ. నోరు స్పష్టంగా కనిపించి, చుట్టూ గట్టి రాయి ఉంటే అది పనికొస్తుంది. లేకపోతే నీరు బిరడా పక్కనుంచి దారి చేసుకొని కొద్ది మీటర్ల అవతల కొత్త గుంత తెరుస్తుంది. సిమెంటు గ్రౌటింగ్ (పలచటి సిమెంటు ముద్దను ఒత్తిడితో లోపలికి ఎక్కించడం) కట్టడాల కింద తప్పనిసరి కావచ్చు. కానీ తెరిచిన చీలికల్లో గ్రౌటు ఎటు పోతుందో తెలియదు, అనుకున్నదానికి ఎన్నో రెట్లు పట్టేయవచ్చు.

ఇంకుడు గుంతలు, బోర్లు

ఇంకుడు గుంత తవ్వండన్నది రెండు రాష్ట్రాల్లోనూ సర్కారు ఏళ్లుగా చెబుతున్న మాట. గ్రానైట్ నేలల్లో అది మంచిదే. పలచటి మట్టి కింద చీలికల సున్నపురాయి ఉన్నచోట, ఇంటి కప్పు నీరంతా గోడ పక్కన ఒకే గుంతలోకి దింపడం మట్టిని కిందికి కడిగే యంత్రాన్ని ఇంటి పునాది పక్కన పెట్టుకోవడమే అవుతుంది. ఇలాంటి ఊళ్లలో నీటిని ఇంటికి దూరంగా తీసుకెళ్లి, వెడల్పైన, లోతు తక్కువ కందకాల్లో పలచగా ఇంకించడం మేలు. ఎండిపోయిన బోరులోకి వరద నీరు మళ్లించేటప్పుడు కేసింగ్ పైపు గట్టి రాతిలో దిగి ఉందో లేదో చూడాలి.

కేసింగ్ విషయం అన్ని బోర్లకూ వర్తిస్తుంది. ఖర్చు తగ్గించడానికి పైపును రాతి తలం దాకా దించి ఆపేస్తారు, చుట్టూ సందును మట్టితో పూడ్చి వదిలేస్తారు. ఆ సందు గుండా వాననీరు మట్టిని రాతి చీలికలోకి దింపుతుంది. బోరు చుట్టూ నేల పల్లమవడం చాలాచోట్ల దీనివల్లే. పైపు గట్టి రాతిలోకి కనీసం మీటరైనా దిగి, చుట్టూ సిమెంటు ముద్దతో మూసి, పైన చప్టా వేసి ఉండాలి. బోర్ల మధ్య దూరం, అనుమతుల గురించి చెప్పే వాల్టా చట్టం (2002) చూపు నీటి లభ్యత మీద ఉంది. నేల స్థిరత్వం అందులో అసలు ప్రశ్నే కాదు.

గనుల పేలుళ్ల ప్రకంపనలకు కేంద్ర గనుల భద్రతా సంస్థ డీజీఎంఎస్ 1997లో పరిమితులు పెట్టింది. ఇళ్ల దగ్గర, పౌనఃపున్యాన్ని బట్టి, సెకనుకు 5 నుంచి 15 మిల్లీమీటర్లు. అవి గోడలు పగలకుండా చూసే పరిమితులు. నేల కింద పలచబడిన మట్టి కమాను ఎంత తట్టుకుంటుందో అవి చెప్పవు.

నష్టం జరిగితే

రాష్ట్ర విపత్తు సహాయ నిధి కింద సాయానికి అర్హమైన జాతీయ జాబితాలో తుపాను, కరవు, భూకంపం, వరద, కొండచరియలు విరిగిపడటం వంటివి ఉన్నాయి. నేల కుంగడం విడిగా లేదు. రాష్ట్రాలు స్థానిక విపత్తులను ప్రకటించి నిధిలో 10 శాతం వరకు వాటికి వాడుకోవచ్చు. కాబట్టి కుంగుబాటుకు సాయం అందాలంటే రాష్ట్రం ముందుగా దాన్ని ప్రకటించి ఉండాలి.

ఇంటి బీమాలో పరిస్థితి కొంత మెరుగు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో ఇల్లున్న నేల కుంగడం, కొండచరియలు, బండలు జారడం వల్ల కలిగే నష్టానికి రక్షణ ఉంది. మామూలు పగుళ్లు, కొత్త కట్టడం సర్దుకోవడం, పోసిన మట్టి దిగడం, డిజైన్ లేదా పనితనం లోపం, తవ్వకాల వల్ల వచ్చే నష్టం మినహాయింపులు. వివాదం ఎప్పుడూ ఈ మినహాయింపుల దగ్గరే వస్తుంది. సర్వేయరు రాకముందే గుంత పూడ్చేస్తే కుంగింది సహజ నేలా, పోసిన మట్టా అన్నది తేల్చే ఆధారం పోతుంది. అందుకని ముందు కంచె వేసి, అడుగున రాతి నోరు కనిపించేలా అన్ని వైపులా కొలబద్దతో ఫొటోలు తీసి, రెవెన్యూ అధికారులతో పంచనామా రాయించి, ఆ తర్వాతే టిప్పర్లను పిలవాలి.